ఎకరం నవధాన్య కిట్: సంచిలో ఏముంది, ఏది తీసెయ్యాలి

తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు (పేరుకే తొమ్మిది, నిజానికి ఎన్నో రకాల విత్తనాల మిశ్రమం) చల్లే పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయాన్ని నడిపే ప్రభుత్వ రైతు సాధికార సంస్థ పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్) పేరుతో ఊరూరా తీసుకెళ్లింది. దానికోసం ఏప్రిల్, మే నెలల్లో ఎన్‌పీఎం (పురుగుమందుల్లేని సాగు) షాపుల్లో ఎకరానికి పది పన్నెండు కిలోల విత్తనాల కిట్లు దొరుకుతాయి. ఇక్కడ చూస్తున్నది ఒక మండల కేంద్రం షాపులో అమ్మిన సంచి. కొనొచ్చు గానీ, ఉన్నదున్నట్టు చల్లేయకూడదు.

సంచి మీద "30 రకాలు" అని గొప్పగా రాశారు. చూడాల్సింది రకాల లెక్క కాదు, గింజల లెక్క. కిలో కొర్రల్లో మూడు లక్షలకు పైగా గింజలుంటే, కిలో కందుల్లో పదివేలే ఉంటాయి. ఈ సంచి తూకంలో సగానికి పైగా జనుము, జీలుగే. నత్రజనికి లోటుండదు గానీ, పైమట్టిని అల్లుకుని పట్టి ఉంచే పీచువేళ్లు గడ్డిజాతివి. అవి చాలవు. అర కిలో సజ్జలు, పావు కిలో కొర్రలు విడిగా కొని కలిపితే సరిపోతుంది.

ఆవాలు మాత్రం దండిగా పోశారు. చవక కదా! వేళ్లతో కలిసి బతికే మైకోరైజా అనే మేలు చేసే బూజు ఆవ వేళ్లకు అంటదు. తర్వాతి పంట వేళ్లకు దూరంగా ఉన్న భాస్వరాన్ని తెచ్చిపెట్టేది ఆ బూజే కాబట్టి, చేనంతా ఆవ పరిస్తే అది బతకడానికి వేరు దొరకదు. యాభై గ్రాములుంచి మిగిలినవి పోపుల పెట్టెలో వేసుకోండి.

షాపు సేవలో పెద్ద లోపం, తర్వాత ఏ పంట వేస్తారని ఎవరూ అడగకపోవడం. పత్తి వేసేవాళ్లు బెండ గింజలు ఏరెయ్యాలి. పచ్చదోమకూ గులాబీ రంగు పురుగుకూ బెండ ముందస్తు విడిది అవుతుంది. వేరుశెనగ వేసేవాళ్లు తోటకూర, గోంగూర పొట్లాలను తెల్ల కాగితం మీద పోసి వయ్యారిభామ గింజల కోసం వెతకాలి. నల్లగా, చదునుగా, పక్కన రెండు తెల్లటి పొరలతో ఉంటాయి. 2000లో అనంతపురం వేరుశెనగను ముంచిన కాండం కుళ్లు వైరస్ ఆ కలుపు పుప్పొడి ద్వారానే తామరపురుగుల వెంట చేలల్లోకి వచ్చింది.

చల్లడానికి మట్టిపూత పట్టించిన విత్తన గుళికలు మనమే చేసుకోవాలి. బీజామృతంతో (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తనశుద్ధి ద్రావణం) తడిపిన గింజలకు మెత్తటి బంకమట్టి, జల్లించిన ఘనజీవామృతం (పులియబెట్టి ఆరబెట్టిన పేడ ఎరువు), బూడిద ఒకదాని మీద ఒకటి పట్టించి నీడలో ఆరబెట్టాలి. పూత పలచనైతే చిరుగింజల్ని చీమలు మోసుకుపోతాయి, చిన్న జల్లుకే మొలకొచ్చి మాడిపోతుంది. వేరుశెనగను గట్టిగా రుద్దితే పప్పు రెండుగా విడిపోతుంది, అందుకే దాన్ని చివర్లో కలపాలి. చల్లేముందు ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతం వేసి, చల్లాక గడ్డి కప్పాలి. కప్పు లేని చేలో మే ఎండకు మొలకలు నిలవవు.

నెల దాటాక ఒక అలసంద మొక్కను మట్టితో సహా తవ్వి, వేరు బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని తయారవుతున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే బుడిపె ఉన్నా పని లేదు.

కిట్‌తో ఇచ్చిన కరపత్రంలో "45 రోజులకు పశువుల్ని మేపుకోవచ్చు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇది ప్రమాదకరం. పూతకు రాని జొన్న, అందులోనూ బెట్టకు వాడిపోయినది మేస్తే పశువుకు నాము (సైనైడ్ విషం) ఎక్కుతుంది. గంటల్లో ప్రాణం పోవచ్చు. జొన్న ఉన్న చేనును మేపకుండా కోసి, బాగా ఎండబెట్టి వేయడం మేలు.

వరి వేసేవాళ్లు పూత దశలోనే కలియదున్నాలి. కాయ పట్టేదాకా ఆగితే జనుము కాడ నారెక్కుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడేసుకుంటాయి, నాటిన వరి పసుపెక్కుతుంది. అది చూసి కంగారుగా యూరియా చల్లితే ఇంత శ్రమా ఎందుకు?

మొలక శాతం పర్వాలేదు. జీలుగ ఒక్కటి తక్కువ మొలిచింది, పెంకు గట్టిది కాబట్టి ఇసుకతో రుద్ది మళ్లీ చూడాలి. డబ్బు కట్టేముందు సంచి విప్పించండి. పప్పుజాతి గింజలకు గులాబీ రంగు పూసి ఉంటే తీసుకోవద్దు. సాధారణంగా అది శిలీంధ్రనాశిని పూత, వేరు బుడిపెల్లో నత్రజని తయారుచేసే రైజోబియం బ్యాక్టీరియాకు దెబ్బ.