పొట్టి గొట్టం తుపాకికి ఏ చోక్ మేలు?

తాతగారి 30 అంగుళాల జోడు గొట్టాల తుపాకి పక్కన పెట్టి 20 అంగుళాల పంప్ యాక్షన్ (ముందు పిడి వెనక్కి లాగి తూటా ఎక్కించే తుపాకి) తీసుకున్నప్పటి నుంచి, భీమవరం చుట్టుపక్కల లైసెన్సు ఉన్నవాళ్లు కనబడితే చాలు ఇదే అడుగుతున్నారు: "గొట్టం పొట్టిది కదండీ, గుళ్లు చెదిరిపోతాయి, ఫుల్ చోక్ పెట్టాల్సిందే కదా?"

అక్కర్లేదండీ. గుళ్లు చెదరడానికి గొట్టం పొడవు కారణం కాదు, మూతి దగ్గర చివరి రెండు మూడు అంగుళాల్లో ఎంత బిగించారన్నదే కారణం, ఆ బిగింపునే చోక్ అంటారు. పొట్టి తుపాకులు చాలావరకు చోక్ లేని సాదా మూతితో వస్తాయి కాబట్టి గుళ్లు చెదరగొడతాయన్న పేరు పడింది. పొడవు తగ్గితే గుళ్ల వేగం కాస్త తగ్గుతుంది, తుపాకి తిప్పేటప్పుడు ఊపు త్వరగా ఆగిపోతుంది, అంతే. ఉన్న గొట్టమే కోయించుకుంటే పోలా అన్నాడొకాయన. కోస్తే పోయేది చోక్ ఉన్న ముక్కే. పైగా 1959 ఆయుధాల చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయకూడదు.

నా లెక్కలో తేల్చేది దూరం ఒక్కటే. మామూలు గుళ్ల తూటా సిలిండర్ మూతి (అసలు బిగింపు లేనిది) నుంచి వెళ్తే 20 గజాల దగ్గర సుమారు 32 అంగుళాల వెడల్పున పరుచుకుంటుంది, కొద్దిగా బిగించిన ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 26, బాగా బిగించిన ఫుల్‌లో 16. అంటే ఒకటి నులకమంచం వెడల్పు, ఒకటి చేటంత. 40 గజాలకు వెళ్తే కథ మారుతుంది: 30 అంగుళాల వలయంలో సిలిండర్ నుంచి నూటికి 40 గుళ్లే పడతాయి, ఫుల్ నుంచి 70. మన వైపు ఫుల్ చోక్ మీద ఇంత నమ్మకం ఎందుకంటే, తాతల నాడు కొల్లేరు మీద ఎత్తున పోయే బాతుల్ని కొట్టింది దానితోనే. 1972 వన్యప్రాణి చట్టం, దాని తర్వాతి సవరణలతో ఆ వేట పోయింది, మనం ఇప్పుడు కాల్చేది రేంజ్‌లో మట్టి పళ్లాలనే, నమ్మకం మాత్రం పోలేదు.

స్కీట్‌లో (పళ్లాలు పక్కల నుంచి అడ్డంగా ఎగిరే పోటీ) పళ్లెం ఎక్కువగా 20 గజాల లోపే పగులుతుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు మొదటి రౌండు ఫుల్ పెట్టి కాల్చాను, 25కి 9 పగిలాయి. చోక్ ట్యూబు (మూతిలో మరతో బిగించే చిన్న గొట్టం) మార్చి ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో కాలిస్తే 16. చెయ్యి అదే, తూటాలూ అవే. పొట్టి గొట్టంతో ఊపు ఎలాగూ తక్కువ, దానికి తోడు చేటంత చోటులో గురి కుదరాలంటే కొత్తవాడికి చాలా కష్టం.

ట్రాప్ అనే ఇంకో పోటీలో పళ్లెం మన ముందు నుంచి దూరంగా పారిపోతుంది కాబట్టి అక్కడ ఫుల్‌కి పని ఉంది, కానీ ట్రాప్‌కి పొట్టి తుపాకి ఎవరు తీసుకెళ్తారు? మోడిఫైడ్ అనే చోక్ ఇంప్రూవ్డ్ సిలిండర్‌కీ ఫుల్‌కీ మధ్యస్థం, ఉంటే ఉంచుకోండి. ఒంటి గుండు తూటా వాడేవాళ్లు సిలిండర్ లేదా ఇంప్రూవ్డ్ సిలిండరే పెట్టండి, ఫుల్ వద్దు. లోపల మెలి గీతలున్న ట్యూబు ఒంటి గుండు కోసమే, గుళ్లు వేస్తే చెల్లాచెదురవుతాయి.

మార్చుకునే ట్యూబులా, స్థిరమైన మూతా అంటే ట్యూబులే నయం, కానీ మన గాలిలో వాటికి శ్రద్ధ కావాలి. ఎన్నికలప్పుడు తుపాకి స్టేషన్‌లో డిపాజిట్ చేస్తూ ట్యూబు విప్పి గ్రీజు రాయడం మర్చిపోయాను. తిరిగి తెచ్చుకునేసరికి తేమకి తుప్పు పట్టి బిగుసుకుపోయింది, రెండు రోజులు నూనెలో నానబెడితే గానీ కదల్లేదు. కోనసీమ వైపు ఉప్పుగాలి ఇంకా ఎక్కువ, అక్కడివాళ్లు నెలకోసారి విప్పి మరలు తుడిచి పల్చగా గ్రీజు పట్టించాలి. ట్యూబు లేకుండా మాత్రం ఒక్క తూటా కూడా కాల్చకండి, గొట్టం లోపలి మరలు దెబ్బతింటాయి.