పాత పికప్ అద్దం పిడి: కౌంటర్ మీద దొరికే మూడు రకాల్లో ఏది నిలుస్తుంది?

డోర్ అద్దాన్ని ఎత్తి దించే పిడి గిర్రున తిరుగుతుంది, అద్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పదేళ్లు దాటిన పికప్‌లలో డ్రైవర్ సైడు డోర్‌కు ఇది మామూలు జబ్బే. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు, పత్తి తోలే బండ్లలో ఇంకా తొందరగా వస్తుంది. విడిభాగాల షాపుల్లో విండో హ్యాండిల్ మూడు రకాలుగా దొరుకుతుంది: ఉత్త ప్లాస్టిక్‌ది, లోపల ఇనుప బుష్ (షాఫ్ట్ దూరే పళ్ల గొట్టం) ఉన్న ప్లాస్టిక్‌ది, క్రోమ్ పూత వేసిన మెటల్‌ది. మూడింట్లో బుష్ ఉన్నదే కొనాలి. కానీ డోర్ లోపల అద్దం బిగుసుకుపోయి ఉంటే అది కూడా ఎక్కువ కాలం ఆగదు.

కొనేముందు తప్పు పిడిదేనా, డోర్ లోపల అద్దాన్ని ఎత్తే మిషన్‌దా తేల్చుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఎక్కువ బండ్లకు రెండు డోర్లకూ ఒకటే పిడి. క్లీనర్ సైడుది తక్కువ వాడతారు కాబట్టి దాని పళ్లు బాగుంటాయి. దాన్ని తీసి డ్రైవర్ సైడు షాఫ్ట్‌కు (మిషన్ నుంచి బయటికొచ్చే పళ్ల కడ్డీకి) తగిలించి తిప్పండి. అద్దం లేస్తే పాత పిడి అరిగినట్టు. మంచి పిడి పెట్టినా జారుతుంటే షాఫ్ట్ పళ్లే పోయాయి. షాఫ్ట్ తిరుగుతున్నది గాని కటకటమని చప్పుడొచ్చి అద్దం లేవట్లేదంటే లోపలి గేర్ పళ్లు విరిగాయి. ఎత్తిన అద్దం గుంతల రోడ్డు మీద దానంతటదే కిందికి దిగుతుంటే, షాఫ్ట్‌ను వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే స్ప్రింగు బ్రేకు అరిగిపోయింది. ఈ చివరి మూడింట్లో ఏదైనా సరే మిషన్ మొత్తం మార్చాల్సిందే, పిడి కొంటే దండగ.

పిడి తీయడంలోనే చాలామంది డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కప్పిన రెగ్జిన్ అట్ట) చింపుకుంటారు. కొన్ని బండ్లకు పిడి నడుమ మూత కింద ఒక స్క్రూ ఉంటుంది, అది విప్పితే సరి. స్క్రూ కనబడకపోతే వెనకాల సీ ఆకారంలో స్ప్రింగు క్లిప్పు ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నొద్దు. పాత లుంగీ పీలిక ఒకటి తీసుకుని పిడికీ ప్లాస్టిక్ వాషర్‌కూ మధ్య దూర్చండి. రెండు కొసలూ పట్టుకుని బూటు పాలిష్ కొట్టినట్టు అటూ ఇటూ గుంజితే క్లిప్పు కొస గుడ్డకు తగులుకుని బయటికొస్తుంది. ఒక్కోసారి ఎగిరి సీటు కింద పడుతుంది, అందుకే ఒక చెయ్యి అడ్డం పెట్టండి. వంగిన క్లిప్పు మళ్లీ వాడొద్దు, పిడితో పాటే కొత్తది అడిగి తీసుకోండి.

ఇక పిడుల సంగతి. ఉత్త ప్లాస్టిక్‌ది అన్నింటికన్నా చవక. షాఫ్ట్ ఉక్కుది, పిడి పళ్లు ప్లాస్టిక్‌వి. అద్దం కొంచెం బిగిసినా అరిగేది మెత్తదే కదా. మే నెల ఎండలో అద్దాలు మూసిన క్యాబిన్‌లో ఏండ్ల తరబడి కాగితే ప్లాస్టిక్ పెళుసై, షాఫ్ట్ దూరే రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. ఆ పగులు తెరుచుకుంటే పళ్లు బాగున్నా పట్టు ఉండదు. ఎప్పుడో గాని దించని క్లీనర్ సైడుకు ఇది చాలు.

క్రోమ్ మెటల్ పిడి చూడ్డానికి బాగుంటుంది. అయితే వీటిలో ఎక్కువ భాగం అచ్చుపోసిన జింకువే. జింకు కూడా ఉక్కు కన్నా మెత్తనే, కాబట్టి నిదానంగానైనా పళ్లు అరుగుతాయి. అంతకన్నా ముందే చేత్తో పట్టే గుండీ దగ్గరి రివిట్ వదులై లొడలొడలాడుతుంది. పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో దాన్ని పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సోకుకు తప్ప దీనికి పెట్టే అదనపు డబ్బు వేస్టే.

బుష్ ఉన్నదాంట్లో ఒక మోసం ఉంది, కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. పిడిని తిరగేసి రంధ్రంలోకి చూడండి. బుష్ బయటి అంచు గుండ్రంగా నున్నగా ఉంటే, బలం పడ్డప్పుడు ప్లాస్టిక్‌లో బుష్ ఒక్కటే తిరుగుతుంది, మళ్లీ మొదటికొస్తారు. నట్టులాగా పలకలు పలకలుగానో, బయట గరుకు గీతలతోనో ఉన్నదే ప్లాస్టిక్‌ను పట్టి ఉంచుతుంది. పాత పిడి చేతిలో లేకుండా షాపుకు పోవద్దు. “మీ బండిదే అన్నా, పడుతది” అంటే సరిపోదు. పళ్ల లెక్క, రంధ్రం సైజు, క్లిప్పు కూర్చునే గాడి, మూడూ కలవాలి. ఒక పన్ను తేడా ఉన్నా సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. ఎక్కుతుంది కూడా, కానీ ఆ దెబ్బకు లోపలి మిషన్ పట్టీ వంగుతుంది.

పిడి ఎందుకు అరిగింది అన్నది డోర్ ప్యాడ్ తీస్తే తెలుస్తుంది. అద్దం జారే చానల్ రబ్బరులో మిర్చి పొట్టు, పత్తి నూగు, కరీంనగర్ వైపు తిరిగే బండ్లయితే గ్రానైట్ పొడి, భూపాలపల్లి బండ్లయితే బొగ్గు దుమ్ము గట్టకట్టి ఉంటాయి. ఆ గరుకులో అద్దాన్ని లాగే బలమంతా పిడి పళ్ల మీదే పడుతుంది. అద్దం కింది పట్టీ బోల్టులు వదులు చేసి, రెండు అరచేతులతో అద్దాన్ని పట్టి పైకి లేపి చూడండి. సాఫీగా కదిలితే రబ్బరు బాగున్నట్టు. ఇరుక్కుంటే అసలు దోషి అదే. చేతులు వదిలితే అద్దం డోర్‌లోకి జారిపోతుంది, అందుకని పని అయ్యేదాకా వెడల్పు టేపుతో పై ఫ్రేముకు అంటించి ఉంచాలి.

చానల్‌ను స్టీలు స్కేలుకు గుడ్డ చుట్టి సబ్బు నీళ్లతో తుడవండి. మిర్చి బండి అయితే చేతికి తొడుగు తప్పనిసరి, ఆ చేత్తో కన్ను నలిపారంటే ఆ రోజు పని అక్కడితో బంద్. ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాలి. మెకానిక్‌లు కొందరు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తారు. అది ఆ పూట హాయిగా జారుతుంది, తరువాత దుమ్మును పట్టుకుని సానపెట్టే ముద్దలా తయారవుతుంది, రబ్బరు కూడా ఉబ్బుతుంది. గేర్ పళ్లకు మాత్రం గ్రీజు కావాలి, పాతది గీకేసి తెల్ల లిథియం గ్రీజు పలచగా పూస్తే చాలు.

మిషనే మార్చాల్సి వస్తే డ్రైవర్ సైడుదా, క్లీనర్ సైడుదా చెప్పి కొనండి, రెండూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురు. కొన్నింటికి బోల్టులు, 10 నంబర్ బాక్స్ పానా పడుతుంది. కొన్నింటికి రివిట్లు ఉంటాయి, అవి డ్రిల్‌తో తీసి లాక్ వాషర్లతో బోల్టులు వేయించుకుంటే మళ్లీ విప్పడం సులువు. పాత మిషన్ మీద చుట్టలా ఉన్న స్ప్రింగును విప్పే సాహసం చేయొద్దు. అది బిగుతులో ఉంటుంది, పళ్ల పట్టీ ఒక్కసారిగా తిరిగి వేలు నలుగుతుంది. ప్యాడ్ వెనకాలి ప్లాస్టిక్ షీటు చింపి పారేయకుండా అంచులు మళ్లీ అంటించండి, లేదంటే వాన నీళ్లు ప్యాడ్‌లోకి దిగి అట్ట ఉబ్బుతుంది. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలను కూడా తీగతో పొడిచి చూడండి, పత్తి నూగుతో పూడుకుపోయే ఉంటాయి.

కూల్ డ్రింక్ డబ్బా తుకడా కత్తిరించి షాఫ్ట్ చుట్టూ పెట్టి పిడి బిగించడం రోడ్డు మీద ఇరుక్కున్నప్పుడు పనికొస్తుంది, ఇంటికి చేరేదాకా. ఎపాక్సీ ముద్ద పెడితే మళ్లీ పిడి ఊడదు, ప్యాడ్ తీయలేరు. పిడిని షాఫ్ట్‌కు వెల్డింగ్ కొట్టించడం అన్నింటికన్నా చెడ్డ పని. ఆ వేడికి లోపలి బ్రేకు స్ప్రింగు బిరుసు పోతుంది, ప్యాడ్ కాలుతుంది.

కొత్త పిడి ఎక్కించేటప్పుడు క్లిప్పును ముందు పిడి గాడిలో కూర్చోబెట్టండి. అద్దం పూర్తిగా ఎత్తి, పిడి అవతలి డోర్‌లో ఏ కోణంలో ఉందో అదే కోణంలో పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే టక్కున పడుతుంది. వాషర్ మరవొద్దు, అది లేకుంటే పిడి రెగ్జిన్‌ను గుండ్రంగా కోసేస్తుంది. గుంజి చూసి, అద్దం నాలుగైదుసార్లు పూర్తిగా దించి ఎత్తండి. పైదాకా వచ్చి ఆగాక ఇంకో పావు చుట్టు బలంగా బిగించే అలవాటుంటే మానుకోండి, పళ్లు మొదట నలిగేది అక్కడే.