నాలుగేళ్లుగా నా బల్ల మీదున్న పుర్రె, అందులో మూసి ఉన్న ఒక రంధ్రం

కడపలో నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు అనాటమీ చెబుతాను. ఈ ప్లాస్టిక్ పుర్రె కొలతలు, ముక్కల సంఖ్య పెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్క రంధ్రం మీదే.

పుర్రె అడుగున ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రానికి కాస్త వెనక, బయటి వైపు ఫొరామెన్ స్పైనోసమ్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. మెదడు పొరకు రక్తం తెచ్చే మిడిల్ మెనింజియల్ ధమని కపాలంలోకి వచ్చే దారి అదే. ఈ బొమ్మలో అక్కడ గుంట నొక్కి, నల్లరంగు పూసి వదిలేశారు. పైమూత తీస్తే లోపలి గోడ మీద ఆ ధమని గాడి మాత్రం చెట్టు కొమ్మల్లా ఎంతో చక్కగా ఉంది. కొమ్మలున్నాయి, మొదలు లేదు. "దారి మూసి ఉంటే రక్తం ఎలా వస్తుంది మేడమ్?" అని, ఇది కొన్న రెండో ఏడాది ఒక అమ్మాయి అడిగింది. అమ్మినవాళ్లకు రాస్తే, విద్యార్థులకు ఇది చాలునని జవాబిచ్చారు. ఎలా చాలుతుంది?

చివరికి వై.వి. స్ట్రీట్ వెనక సందులో ఒక కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, సన్నటి బరమాతో ఓపికగా తొలిచారు. ఎర్ర దారం కింద నుంచి ఎక్కించి, గాడి వెంట కణత దాకా పరిచాను. అది చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: వాళ్ల అన్న కొడుకు గువ్వలచెరువు ఘాట్‌లో బండి మీద నుంచి పడ్డాడట. లేచి టీ తాగాడు, బాగానే మాట్లాడాడు, తల నొప్పిగా ఉందని పడుకున్నాడు, మళ్లీ లేవలేదు.

ఆ అబ్బాయి స్కాన్ నేను చూడలేదు, అతనికి జరిగింది ఇదేనని అనలేను. కానీ కణత దగ్గర నాలుగు ఎముకలు కలిసే టెరియన్ అనే చోటు పలచన. అది చిట్లి, లోపలి ధమని తెగితే, ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. అది మెదడును నొక్కేదాకా మనిషి మామూలుగానే ఉండవచ్చు. "అప్పుడే చూపిస్తే తెలిసేదా అమ్మా?" అన్నారు ఆ కంసాలి. "తెలుస్తుంది అన్నా. స్కాన్‌లో కటకం ఆకారంలో తెల్లగా కనిపిస్తుంది. వేళకు పుర్రె తెరిచి తీసేస్తే బతికేవాళ్లు చాలామంది" అన్నాను. ఆ సంభాషణ ఇప్పుడు నా పాఠంలో భాగం.

కొన్న కొత్తలో, నిజమైన ఎముకకు ఇది తీసిపోదని తోటివాళ్లతో అన్నాను. ఆ మాట కొంత వెనక్కి తీసుకోవాలి. కర్నూలులో నేను చదువుకున్నప్పుడు నిజమైన పుర్రె లోపల టార్చి పెడితే కణత దగ్గర వెలుగు బయటికి తెలిసేది. ఇక్కడ గోడంతా ఒకే మందం. పలచన అని నోటితో చెప్పాల్సిందే. మూత కొక్కెం రెండేళ్లకే వదులైంది, రబ్బరు బ్యాండు వేస్తున్నాను. చెవి కింద సూదిలా ఉండే స్టైలాయిడ్ మొన విరిగింది, అది మా పిల్లల చేతి దురుసు.

నలభై మందికి ఒకే పుర్రె ఉన్న నాలాంటివాళ్లకు, పక్కన నిలబడి చెప్పే మనిషి ఉంటే, పెట్టిన డబ్బుకు నష్టం లేదు. ఒంటరిగా చదువుకునేవారికి, పైచదువులకు వెళ్లేవారికి ఇది కొనమని నేనైతే చెప్పను. కొనేముందు ఆ రంధ్రంలో సూది దిగుతుందో లేదో చూడండి. ఎర్ర దారం ఏటా మారుస్తున్నాను, పిల్లల వేళ్లకు నలిగి రంగు వెలిసిపోతుంది.