పెట్రోల్ థార్, డీజిల్ థార్, మధ్యలో జిమ్నీ: కిలోమీటరుకు ఎంత పడుతోంది

ముందే చెప్పేస్తాను. నెలకు వెయ్యి కిలోమీటర్లు దాటి తిరుగుతూ, అందులో సగమైనా హైవే మీద నడిపేవాళ్లకు డీజిలే లాభం. ఊళ్లోనే స్కూలు, ఆఫీసు, మార్కెట్, ఎప్పుడైనా ఓ అడవి దారి అనుకునేవాళ్లు మాత్రం పంపు దగ్గర మిగుల్చుకున్నది మెకానిక్ షెడ్డులో కట్టి వస్తారు. ఎందుకో కింద లెక్కల్లో ఉంది.

మన దేశంలో అందుబాటు ధరలో, బురదలో పాకడానికి లో రేంజ్ గేరు కూడా ఉన్న పెట్రోల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి) కావాలంటే పెద్దగా ఎంపికే లేదు. మహీంద్రా మూడు తలుపుల థార్, మారుతి జిమ్నీ, అంతే. స్కార్పియో ఎన్, థార్ రాక్స్, ఫార్చ్యూనర్ పెట్రోల్‌లో దొరుకుతాయి కానీ వాటిలో నాలుగు చక్రాల డ్రైవ్ డీజిల్‌కే ఇచ్చారు. గూర్ఖా మొత్తంగా డీజిలే. అందుకే ఒకే బాడీ, ఒకే గేర్ లివరుతో రెండు ఇంధనాలనూ పక్కపక్కన పెట్టి చూసే వీలు థార్‌లోనే ఉంది. నేను నడిపినవి రెండు లీటర్ల టర్బో పెట్రోల్ మాన్యువల్, 2.2 లీటర్ల డీజిల్ మాన్యువల్. జిమ్నీ ఇంట్లో ఇంకొకరిది.

మైలేజీ కొలిచింది ట్యాంకు నుంచి ట్యాంకుకు. నాజిల్ మొదటిసారి ఆటోకట్ అయిన చోటే ఆపడం, వీలైనంతవరకు అదే బంకు, అదే పంపు. డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె నిజం కన్నా అర నుంచి ఒక కిలోమీటరు ఎక్కువ చూపిస్తుంది. పెట్రోల్ థార్ హైదరాబాద్ ట్రాఫిక్‌లో లీటరుకు 8 కిలోమీటర్లు, హైవే మీద 90 దాటకుండా వెళ్తే 11.5 దాకా ఇస్తుంది. కలిపి 9.5 అనుకోండి. డీజిల్ అదే ట్రాఫిక్‌లో 10.5, హైవేలో 14.5, కలిపి 12.5. జిమ్నీ మాన్యువల్ ఊళ్లో 12, హైవేలో 16, కలిపి 13.5. ఆటోమేటిక్ అయితే థార్‌కు ఈ అంకెల్లోంచి ఒకటి తీసేయండి.

2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోల్ సుమారు 107.50, డీజిల్ సుమారు 95.70 ఉండేవి. ఆ ధరల మీద పెట్రోల్ థార్ కిలోమీటరుకు 11.30, డీజిల్ థార్ 7.65, జిమ్నీ 7.95 రూపాయలు. పెట్రోలు తాగే జిమ్నీకీ డీజిల్ థార్‌కూ తేడా ముప్పై పైసలే. జిమ్నీ బరువు 1200 కిలోల చుట్టూ, థార్‌ది అంతకు అయిదారు వందల కిలోలు ఎక్కువ. పెట్రోలా డీజిలా అని కొట్టుకునేవాళ్లు ఈ బరువు సంగతి మర్చిపోతారు.

ఇప్పుడు కొనేటప్పటి తేడా. ఒకే వేరియంట్‌లో డీజిల్‌కు షోరూమ్ ధర ముప్పావు లక్ష ఎక్కువ అనుకుందాం. లైఫ్ ట్యాక్స్ ధర మీద శాతంగా వేస్తారు కాబట్టి ఆ ముప్పావు లక్ష మీదా పన్ను పడుతుంది. ఇన్సూరెన్సూ పెరుగుతుంది. రోడ్డెక్కేసరికి తొంభై వేలు. ఇంధనంలో మిగిలేది కిలోమీటరుకు 3.65. డీజిల్ సర్వీసు పది వేల కిలోమీటర్లకు నాలుగు వేల దాకా ఎక్కువ పడుతుంది, అంటే కిలోమీటరుకు 40 పైసలు. నికరంగా మిగిలేది మూడుంపావు. తొంభై వేలు రాబట్టాలంటే దాదాపు 28 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి తిరిగేవాడికి రెండేళ్ల నాలుగు నెలలు. నాలుగొందలు తిరిగేవాడికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో పొగ గొట్టంలో ఉండే డీపీఎఫ్ అనే జల్లెడ ఒక్కసారి మార్చాల్సి వచ్చిందా, లెక్క తలకిందులే.

పెట్రోల్ థార్ బలం లేక ఎక్కువ తాగుతుందనుకుంటే పొరపాటు. మాన్యువల్‌లో 300 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 1250 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. డీజిల్‌కు అదే 300 రావడానికి 1600 కావాలి. పాడేరు ఘాట్‌లోనో, మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్ ఎక్కే మలుపుల్లోనో రెండో గేరులో పెట్రోలే హాయిగా లాగుతుంది. ఖర్చంతా వేరే చోట అవుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో గాలికి తగ్గట్టు ఇంధనం వెళ్లాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది, ఆ అడ్డం మీద గాలి పీల్చడానికే శక్తి వృథా అవుతుంది. డీజిల్‌కు ఆ బాధ లేదు. గాలి నిండా పీల్చి, కావలసినంత డీజిలే చల్లుకుంటుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడినా, ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే నెమ్మది గేరు) వేసి బురదలో పాకినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాన పడ్డ నల్లరేగడిలో టైరు గాడులన్నీ మట్టితో పూడిపోయి నున్నగా అయ్యాక పెట్రోల్ థార్ నాలుగైదుకు పడిపోతుంది. డీజిల్ ఏడు దగ్గర నిలుస్తుంది. సూర్యలంక లాంటి ఇసుకలో టైరు గాలి 16 నుంచి 18 పీఎస్‌ఐకి దించితే రెండింటికీ ఇంధనం కలిసొస్తుంది. దించకుండా యాక్సిలరేటర్ తొక్కేవాళ్లే మైలేజీ రాలేదని ఎక్కువగా గోల పెడతారు.

ట్యాంకు రెండింటికీ 57 లీటర్లే. పెట్రోల్‌తో 450 కిలోమీటర్లకు బంకు వెతుక్కోవాలి, డీజిల్‌తో 600 దాటొచ్చు. ఏజెన్సీ ప్రాంతాల్లో తిరిగేవాళ్లకు ఇది డబ్బు లెక్క కన్నా పెద్ద విషయం. క్యాన్‌లో పెట్రోల్ బండిలో పెట్టుకుని తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

ఇక పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ సంగతి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కన్నా మూడోవంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే లీటరు మొత్తానికి ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఇంజన్ ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరుపుకుని అందులో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. పైన చెప్పిన 9.5 ఆ ఇరవై శాతం కలిపిన పెట్రోల్ (ఈ20) మీద వచ్చిందే. వంద ఆక్టేన్ పెట్రోల్ పోస్తే ఏదో జరుగుతుందని లీటరుకు అరవై రూపాయల దాకా అదనంగా పెట్టేవాళ్లు ఉన్నారు. మామూలు పెట్రోల్‌కు తగ్గట్టు తయారైన ఇంజన్ దాంతో కిలోమీటరుకు పైసా కూడా మిగల్చదు.

ఇక డీపీఎఫ్. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండి కొన్నవాళ్లు నిజంగా తెలుసుకోవాల్సింది ఇదొక్కటే. పొగలోని మసిని పట్టే జల్లెడ అది. నిండినప్పుడు ఇంజన్ తనంతట తాను అదనంగా డీజిల్ చల్లి, ఎగ్జాస్ట్ వేడిని 550, 600 డిగ్రీలకు తెచ్చి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగకుండా, 2000 ఆర్‌పీఎం పైన నడిస్తే పని పూర్తవుతుంది. ఊళ్లో ఆరు కిలోమీటర్లు వెళ్లి బండి ఆపేస్తే మధ్యలోనే ఆగిపోతుంది. మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం. అలా సగంలో ఆగినప్పుడు కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో (సంప్) కలుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ చాలు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో, చదునైన నేల మీద తీసి చూడండి. ఆయిల్ మట్టం తగ్గితే అందరూ కంగారు పడతారు. డీజిల్‌లో మట్టం పెరిగితే కంగారు పడాలి. పై గీత దాటి ఉండి, గుడ్డకు తుడిచి వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే, వేళ్ల మధ్య రుద్దినప్పుడు ఆయిల్ జారుడు పోయి పలచగా తగిలితే, సర్వీసు తేదీ కోసం ఎదురు చూడకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి. ఆ పలచటి ఆయిల్‌తో మొదట దెబ్బతినేది టర్బో బేరింగులు.

రీజనరేషన్ జరుగుతోందని గుర్తించడం కష్టం కాదు. ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ వేగం) కాస్త పెరుగుతుంది, ఉన్నట్టుండి మైలేజీ మీటరు పడిపోతుంది, బండి ఆపినా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతూనే ఉంటుంది, కింద నుంచి కాలిన వాసన వస్తుంది. అప్పుడు తాళం తీయకుండా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఓ గేరు తగ్గించి ఇరవై నిమిషాలు తిప్పి రండి. డీపీఎఫ్ హెచ్చరిక లైటు వెలిగాక కూడా పట్టించుకోకపోతే వర్క్‌షాపులో స్కానర్ పెట్టి బలవంతంగా కాల్పిస్తారు, అది కొన్ని వేలతో పోతుంది. అదీ దాటితే కొత్త డీపీఎఫ్, లక్ష రూపాయల మాట. ఇంకో సంగతి: కాలేది మసి మాత్రమే. ఇంజన్ ఆయిల్‌లోంచి వచ్చే బూడిద జల్లెడలోనే ఉండిపోతుంది, ఎంత కాల్చినా పోదు. తక్కువ బూడిద ఉండే ఆయిల్ వాడమనేది అందుకే. రెండొందలు మిగులుతాయని పాత ట్రాక్టర్‌కు పోసే ఆయిల్ పోయించేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

పొగలోని విష వాయువులను తగ్గించే యాడ్‌బ్లూ అనే యూరియా ద్రవం వాడే డీజిల్ బండ్లకు అదనంగా ఆ ద్రవం ఖర్చు. కాల్చిన డీజిల్‌లో మూడు నుంచి అయిదు శాతం. డబ్బు పెద్దగా కాదు, కానీ ఖాళీ అయ్యాక ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. దూరం వెళ్లేవాళ్లు అయిదు లీటర్ల డబ్బా వెనక వేసుకోవాలి.

పల్లెల్లో డబ్బాల్లో అమ్మే డీజిల్ పోయించకండి. ఇంజన్‌లోకి డీజిల్ చల్లే కామన్ రైల్ ఇంజెక్టర్‌కు చుక్క నీరు చాలు, నాజిల్ మొన తుప్పు పట్టిందంటే ఒక్కో ఇంజెక్టర్ ఇరవై వేల పైమాటే. డీజిల్ ఫిల్టర్ అడుగున నీరు దించే స్క్రూ ఉంటుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గాజు సీసాలోకి దించి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీరుంటే అడుగున విడిగా గీత కడుతుంది. పెట్రోల్ థార్‌కు ఈ తతంగం లేదు. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఆయిల్, అంతే. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడే డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకోవడం మాత్రం ఉంటుంది. లక్ష కిలోమీటర్లు దగ్గరపడ్డాక ఐడిల్ వణికితే అక్కడ చూడాలి. సర్వీసుకు పెట్రోల్ థార్ ఏడెనిమిది వేలు, డీజిల్ పదకొండు పన్నెండు, జిమ్నీ అయిదారు వేలు.

నాలుగు చక్రాల డ్రైవ్ వల్ల వచ్చే ఖర్చుకు ఇంధనంతో సంబంధం లేదు. ముందు, వెనక ఇరుసుల మధ్య ఉండే గేరు పెట్టెలు (డిఫరెన్షియళ్లు), ముందుకూ వెనక్కూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, మూడు చోట్ల ఆయిల్. వాగు దాటేవాళ్లు తప్పక చేసే పొరపాటు ఒకటి: హైవే మీద వేడెక్కిన డిఫరెన్షియల్‌ను నేరుగా చల్లటి నీటిలో దించడం. లోపలి గాలి చప్పున కుంచించుకుపోయి, గాలి ఆడే గొట్టం (బ్రీదర్) లోంచి, సీళ్ల లోంచి నీటిని లోపలికి లాగుతుంది. ఒడ్డున పది నిమిషాలు ఆగి దిగితే సరిపోతుంది. తర్వాత డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి చూస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే, అప్పటికప్పుడు మార్చాలి. ఆయిల్ వెయ్యి, రెండు వేలతో పోతుంది. వదిలేస్తే లోపలి పెద్ద పళ్ల చక్రం (క్రౌన్ వీల్), బేరింగులు కలిపి యాభై వేల దాకా వెళ్తుంది.

పొడి తారు రోడ్డు మీద ‘ఫోర్ హై’ (మామూలు గేర్లలోనే నాలుగు చక్రాల డ్రైవ్) వేసి తిప్పకూడదు. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో ముందు, వెనక చక్రాల దూరాల తేడా ఎటూ పోక ట్రాన్స్‌ఫర్ కేసు గొలుసు మీద పడుతుంది. ఒక్క టైరే కొత్తది వేసినా అదే గొడవ, కొద్ది కొద్దిగా. అందుకే నాలుగూ కలిపే మార్చాలి. థార్ 255/65 ఆర్18 ఒక్కోటి పదమూడు వేల చుట్టూ, 45 వేల కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే కిలోమీటరుకు రూపాయి పైన. జిమ్నీ 195/80 ఆర్15 ఎనిమిది వేల చుట్టూ, 70 పైసలు. ఇన్సూరెన్సులోనూ జిమ్నీకి లాభం ఉంది. 2022 రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416, దాటితే 7,897. రెండు థార్‌లూ రెండో గట్టునే.

పాత బండి అమ్మకంలో మన తెలుగు రాష్ట్రాల్లో డీజిల్ థార్‌కే గిరాకీ. ఢిల్లీ చుట్టుపక్కల మాత్రం పదేళ్లు దాటిన డీజిల్‌ను రోడ్డెక్కనివ్వొద్దని గతంలో ఉత్తర్వులు వచ్చాయి, 2025లో వాటిని కొంత సడలించారు. అక్కడి నుంచి చవగ్గా వచ్చే బండ్లను కొనే ముందు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్కలో వేసుకోండి. సెకండ్ హ్యాండ్ డీజిల్ ఏదైనా సరే, డిప్‌స్టిక్ తీసి వాసన చూశాక, స్కానర్ పెట్టించి మసి ఎంత శాతం నిండిందో, చివరి రీజనరేషన్ అయ్యి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూడండి. వంద, నూట యాభై కిలోమీటర్లకోసారి రీజనరేషన్ అవుతున్న బండి అయితే బేరం అక్కడే ఆపేయొచ్చు. పెట్రోల్ అయితే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వచ్చి ఆగకపోతే టర్బో సీలు గానీ, పిస్టన్ రింగులు గానీ పోయినట్టు.