వీ3 అడిగితే కాళ్ల దగ్గర మొదలుపెట్టించారు

గచ్చిబౌలి వైపున్న ఈ బౌల్డరింగ్ (తాడు లేకుండా తక్కువ ఎత్తు గోడలో బండలో ఎక్కే ఆట) జిమ్‌లో మామూలు మెంబర్‌షిప్‌తో పాటు 'గోల్ ప్లాన్' అని ఒకటి అమ్ముతారు. కోచ్ మనతో కూర్చుని ఒక కార్డు మీద లక్ష్యాలు రాయిస్తాడు, వారానికోసారి చూసి సంతకం పెడతాడు. వానాకాలంలో తీసుకున్నాను. డబ్బులు దండగ కాలేదు గానీ, కొన్ని సంగతులు ముందే తెలిస్తే మంచిది.

చేరిన రోజే కార్డు మీద "దీపావళికల్లా వీ3" అని రాసిచ్చాను. ఎక్కే దారి, అంటే రూట్, ఎంత కష్టమో చెప్పే గ్రేడ్ అది; వీ0 తేలిక, అంకె పెరిగేకొద్దీ కష్టం. కోచ్ కుర్రాడు చదివి నవ్వాడు. "అక్కా, ఈడ గ్రేడ్ ఏసేది మేమే. రేపు రూట్ మార్చి గదే స్టిక్కర్ అతికిస్తం. మీరు కాలు ఎట్ల పెడ్తరో అది రాయండి." నిజమే. వీ స్కేలు పుట్టింది టెక్సాస్‌లోని హ్యూకో ట్యాంక్స్ బండల దగ్గర, జాన్ షెర్మన్ చలవతో. జిమ్ గోడకి బిగించే ప్లాస్టిక్ హోల్డ్స్ (పట్టులు) దాకా వచ్చేసరికి ఏ జిమ్ లెక్క ఆ జిమ్‌దే. నా వీ3 కార్డు అడుగుకు పోయింది, పైన "చప్పుడు లేకుండా పాదం" వచ్చి కూర్చుంది.

వినడానికి పిల్లలాటలా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. ఎక్కేది తేలికైన వీ0యే. బొటనవేలి కొస హోల్డ్‌కి ఆనేదాకా దాని మీంచి చూపు తిప్పకూడదు, ఆనాక సర్దుకోకూడదు. టప్‌మని వినబడిందా, కిందనుంచి "దిగండక్కా!" మళ్లీ మొదటినుంచి. పైకి చేరాక దూకడం కుదరదు, అవే హోల్డ్స్ మీదుగా దిగాలి. పోనుపోను బరువంతా కాళ్ల మీదికి మళ్లింది, ముంజేతులు అంత తొందరగా బిగుసుకుపోవడం మానేశాయి.

హ్యాంగ్‌బోర్డ్ (వేళ్లతో వేలాడి పట్టు పెంచుకునే పలక) అడిగితే ఇప్పుడే వద్దన్నాడు. కండ పెరిగినంత వేగంగా వేళ్ల టెండన్లు గట్టిపడవట. అమ్ముకోగలిగిన క్లాసుని వద్దన్నందుకే ఇంకో స్టార్ ఇవ్వొచ్చు.

ప్లాన్‌లో నాకు బాగా నచ్చింది క్యాలెండర్. వానల్లో లోపల సాధన, చలి మొదలయ్యాక ఖాజాగూడ బండలు. చల్లటి పొద్దున చేతికి చెమట పట్టదు, రాయి పట్టు ఇస్తుంది. మే నెల మధ్యాహ్నం అదే రాయి మీద అరచెయ్యి ఆనించలేం. మన గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ స్లాబుల (ఏటవాలు బండల) మీద కొన్నిచోట్ల పట్టుకోవడానికేమీ ఉండదు. ఉప్పురవ్వలంత పలుకుల మీద రబ్బరు అదిమి, మడమ దించి, నమ్మి నిలబడటమే. జిమ్‌లో వీ3లు అవలీలగా లాగేసే కుర్రాళ్లు అక్కడ వీ1 మీద జారడం చూశాను. నేను ఆ స్లాబ్ ఎక్కగలిగాను. వీ3 ఇంకా కార్డు అడుగునే ఉంది, తొందరేం లేదు.

ఇక లోపాలు. అద్దె బూట్ల కొసలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. పాదం నేర్పే చోట ఇదేం పొదుపో! కొన్ని రూట్లు ఆరడుగుల వాళ్లకే పెట్టినట్టుంటాయి, నాలా ఐదడుగుల మనిషి చెయ్యి అందదు. చెబితే సెట్టర్ (రూట్లు అమర్చేవాడు) ఒక్కదానికి అడుగుహోల్డ్ కలిపాడు, మిగతావి అలాగే ఉన్నాయి. సాయంత్రం రద్దీలో కార్డు మనమే తీసి ముందు పెట్టకపోతే కోచ్‌కి గుర్తుండదు.

ఒళ్లు తగ్గడానికి వెళ్లేవాళ్లకి ఈ ప్లాన్ అక్కర్లేదు, మామూలు పాస్ చాలు. తీసుకునేవాళ్లు సొంత బూట్లు కొనుక్కోండి, మంగళ బుధవారాల్లో వెళ్లండి. ఆదివారం మాత్రం వద్దు, సగం వాల్ బర్త్‌డే పార్టీలకు ఇచ్చేస్తారు.