మిసిసిపీలో చక్రం బోటు: ఎక్కడ మోసపోయాం, ఎక్కడ మురిసిపోయాం

అమెరికాలో మిసిసిపీ నది మీద, వెనక పెద్ద పలకల చక్రం ఉండే పాడిల్‌వీల్ బోటులో వారం రోజుల క్రూజ్‌కి వెళ్లొచ్చాం. న్యూ ఆర్లీన్స్‌లో ఎక్కించుకుని, ఎదురు ప్రవాహంలో విక్స్‌బర్గ్ దాకా తీసుకెళ్లి, మళ్లీ న్యూ ఆర్లీన్స్‌లోనే దించుతారు. వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోండి. బ్రోషర్ అట్ట నిండా ఎర్రగా మెరిసిపోయే ఆ చక్రం బోటును నడపదు. కనీసం మేం ఎక్కిన బోటును నడపలేదు. అడుగున డీజిల్ ఇంజన్లు, నీళ్లలో ప్రొపెల్లర్లు ఉన్నాయి, పనంతా వాటిదే. చక్రం అందం కోసం తిరుగుతుంది. బుకింగ్ అప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మావారు మెకానికల్ ఇంజనీరు. ఈ ట్రిప్‌కి ఒప్పుకున్నదే ఆ చక్రం కోసం. మనిషికి 3,450 డాలర్లు, పోర్టు చార్జీలు 210, టిప్పుల కింద రోజుకు మనిషికి 18. మా అత్తయ్యకు సింగిల్ గది కావాలంటే యాభై శాతం ఎక్కువ, అంటే 5,175. ఇవన్నీ చాలవన్నట్టు "చక్రం కనిపించే గది" అని ఊరించి మా దగ్గర ఇంకో 600 పిండారు.

కనిపించడం నిజమే. చక్రం తప్ప ఇంకేమీ కనిపించదు. బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా ఎర్ర రంగు పలకలు ఒకదాని వెనక ఒకటి నీళ్లలో దిగి లేస్తుంటాయి. అవి లేచినప్పుడల్లా సన్నటి తుంపర వచ్చి అద్దాల మీద పడుతుంది. మిసిసిపీ నీళ్లు ఎలాంటివో తెలుసుగా, ఆరగానే గోధుమరంగు చుక్కలు మిగులుతాయి. రెండో రోజుకే అద్దంలోంచి ఒడ్డు కనిపించడం మానేసింది. బాల్కనీ కుర్చీలో కూర్చుంటే చీర మీద కూడా అవే చుక్కలు. రాత్రయితే ఆ పలకల చప్పుడు, దానికి తోడు నేల వణుకు. బాత్రూంలో రెండు గాజు గ్లాసులు పక్కపక్కన పెడితే తెల్లవార్లూ టింగుటింగుమన్నాయి. ఒకటి తీసి చెప్పుల పక్కన పెట్టాక గానీ నిద్ర పట్టలేదు. గది మార్చమంటే బోటు ఫుల్ అన్నారు. తుడవమంటే మాత్రం రోజూ తుడిచారు, ఆ పిల్లల్ని ఏమీ అనడానికి లేదు.

అసలు విషయం లూసియానా రాజధాని బేటన్ రూజ్‌లో బయటపడింది. పొద్దున్నే బోటు ఒడ్డుకు చేరుతోంది. చక్రం ఆగిపోయి ఉంది, పలకల నుంచి నీళ్లు కారుతున్నాయి. అయినా బోటు మెల్లగా పక్కకు జరుగుతూనే ఉంది! మావారు రెయిలింగ్ మీంచి వంగి చూస్తే కింద నీళ్లు సుడులు తిరుగుతూ పైకి పొంగుతున్నాయి. తాళ్లు విసురుతున్న కుర్రాణ్ని అడిగితే నవ్వేసి, "చక్రం ఫోటోల కోసం సార్, పని చేసేవి కింద ఉన్నాయి" అన్నాడు. ఇక ఆ రోజంతా మా ఆయన మొహం చూడాలి! అత్తయ్య మాత్రం, "తిరుగుతోంది కదరా, ఇంకేం కావాలి నీకు" అనేసి స్వెట్టర్ వేసుకుని ఊరు చూడటానికి దిగిపోయారు.

బేటన్ రూజ్ నాకు నచ్చింది. అక్కడి రాష్ట్ర అసెంబ్లీ భవనం 34 అంతస్తులు, 1932 నాటిది. అమెరికాలో ఏ రాష్ట్రానికీ అంత ఎత్తు అసెంబ్లీ భవనం లేదు. 27వ అంతస్తు నుంచి ఊరు, నది అంతా కనిపిస్తుంది, పైసా తీసుకోరు. వారం మొత్తంలో నదిని నేను సరిగ్గా చూసింది అక్కడి నుంచే. ఎందుకంటే బోటులోంచి కనిపించేది నది కాదు, గట్టు. వరద రాకుండా రెండు వైపులా ఎత్తుగా మట్టికట్టలు పోశారు, వాటి వెనక ఏముందో తెలీదు. ఇక న్యూ ఆర్లీన్స్‌కీ బేటన్ రూజ్‌కీ మధ్య దారంతా చమురు శుద్ధి కర్మాగారాలు, కెమికల్ ఫ్యాక్టరీలు, ధాన్యం ఓడల్లోకి ఎత్తే గొట్టాలు. బ్రోషర్‌లో వీటి ఫోటో ఒక్కటీ లేదు. నాకు మాత్రం అవే చూడబుద్ధేసింది. ఒక్క టోబోటు ముప్ఫై దాకా బార్జిలను ఒకదానికొకటి కట్టి ముందుకు తోసుకుంటూ మలుపు తిప్పుతుంటే చూస్తూ ఉండిపోయాను. రాత్రిపూట వాటి సెర్చ్‌లైటు మన కిటికీలో పడినప్పుడు మాత్రం తిట్టుకుంటాం.

తిండి సంగతికొస్తే, అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. బుక్ చేసేటప్పుడే రాసిచ్చాం. మొదటి రాత్రి రెడ్ బీన్స్ అండ్ రైస్ తెచ్చి "అంతా చిక్కుళ్లేనండి" అని పెట్టారు. ఆవిడ స్పూన్‌తో కెలికితే అడుగు నుంచి సాసేజ్ ముక్కలు తేలాయి. లూసియానాలో ఆ వంటకం మామూలుగా అలాగే చేస్తారు, మాంసం రుచికి వేస్తారంతే, వాళ్ల లెక్కలో అది చిక్కుళ్ల కూరే. అది మనకు ముందే చెప్పాలి కదా? మేనేజర్ వచ్చి సారీ చెప్పి, సాసేజ్ ఏరేసి అదే ప్లేటు మళ్లీ తెచ్చాడు! అత్తయ్య ఆ రాత్రి, మర్నాడు బ్రెడ్డు, అరటిపండ్లతో గడిపారు. మా మీద కోపం కూడా వచ్చింది, పైకి అనలేదు గానీ.

ఆ సాయంత్రం వంటగదిలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. అక్కడి నల్లజాతి ఆవిడే, అరవై ఏళ్లుంటాయి. అత్తయ్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీ ఇంట్లో ఏం వండుకుంటారో చెప్పండి" అంది. నేను మధ్యలో తర్జుమా చేశాను. బెండకాయ అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం బెండకాయలు, టమాటాలు, మొక్కజొన్న గింజలు ఉల్లిపాయతో బాగా మగ్గించి, ఎర్ర కారం వేసి, వేడి అన్నంతో తెచ్చింది. జిగురు లేకుండా ముందే వేయించిందట. అత్తయ్య రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఆ తర్వాత దిగేదాకా రోజూ ఆవిడే ఏదో ఒకటి చేసి పంపింది. టిప్పులన్నీ బిల్లులోనే కలిశాయి, విడిగా ఇవ్వక్కర్లేదన్నారు. మేం విడిగా 60 డాలర్లు ఆవిడ చేతిలో పెట్టాం.

బెండకాయ ఆ దేశానికి ఆఫ్రికా నుంచి, బానిస ఓడల కాలంలో వచ్చింది. ఈ మాట ఆ వంటావిడ చెప్పింది గానీ, మమ్మల్ని తీసుకెళ్లిన ఒక తోట బంగళా గైడు చెప్పలేదు. గంటసేపు కర్టెన్లు, పింగాణీ, ఇంటావిడ పెళ్లి గౌను. ఆ చెరకు తోటలో చాకిరీ చేసినవాళ్ల గురించి రెండు వాక్యాలు. దీనికి అదనంగా 55 డాలర్లు. ఓక్ ఆలీ అనే ఇంకో తోట వేరే సంగతి. దాదాపు 800 అడుగుల పొడవున రెండు వరసల్లో 28 ఓక్ చెట్లు, వాటి కింద నడవడానికే వెళ్లొచ్చు. క్రూజ్ అయ్యాక కారు అద్దెకు తీసుకుని అదే దారిలో విట్నీ ప్లాంటేషన్‌కి వెళ్లాం. 2014లో మ్యూజియంగా తెరిచారు, అక్కడ కథంతా బానిసల వైపు నుంచే చెబుతారు. గోడల మీద వాళ్ల పేర్లు చెక్కించారు. ఒక్క తోటే చూసే టైముంటే అదే చూడండి.

నాచెజ్ ఊళ్లో వాన, బస్సులోంచే చూశాం. విక్స్‌బర్గ్‌లో మావారికి మళ్లీ హుషారొచ్చింది. అంతర్యుద్ధం నాటి ఇనప కవచాల యుద్ధనౌక యూఎస్ఎస్ కైరో అక్కడి మిలిటరీ పార్కులో ఉంది. 1862 డిసెంబరులో యాజూ నదిలో మందుపాతర పేలి 12 నిమిషాల్లో మునిగిపోయింది, ఒక్క ప్రాణం కూడా పోలేదు. వందేళ్లు బురదలో ఉన్నాక 1964లో పైకి తీశారు. దాని చక్రం, బాయిలర్లు, ఇంజను అన్నీ దగ్గరగా చూడొచ్చు. "ఇదీ చక్రమంటే" అని మా ఆయన దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, బస్సు హారన్ కొట్టే దాకా.

చివరికి ఆయన కోరిక తీరింది న్యూ ఆర్లీన్స్‌లోనే. ఫ్రెంచ్ క్వార్టర్ పక్కన టూలూస్ వీధి రేవు నుంచి స్టీమ్‌బోట్ నాచెజ్ బయల్దేరుతుంది. రెండు గంటల షికారు, భోజనం లేని టికెట్ మాకు మనిషికి 60 డాలర్ల లోపే పడింది. బోటు 1975లో కట్టింది, ఇంజన్లు మాత్రం 1925 నాటివి, పాత బోటు నుంచి తెచ్చి బిగించారు. ఇది నిజంగా ఆవిరితో నడుస్తుంది, చక్రమే తోస్తుంది. 25 అడుగుల ఓక్ చెక్క చక్రం, 26 టన్నులు. ఇంజన్ రూమ్‌లోకి ఎవరైనా వెళ్లొచ్చు. లోపల వేడి, నూనె వాసన, మన నడుము కంటే లావైన కడ్డీ ముందుకీ వెనక్కీ పోతూ వస్తూ ఉంటుంది, అది తోసినప్పుడల్లా బయట చక్రం ఒక్కసారి బరువుగా కదులుతుంది. మావారు అక్కడే ఉండిపోయారు, చాల్మెట్ యుద్ధభూమి దగ్గర బోటు వెనక్కి తిరిగింది కూడా ఆయన చూడలేదు. బయల్దేరే ముందు పై డెక్ మీద ఆవిరి ఈలలతో పాటలు వాయిస్తారు. ఊరంతా వినపడుతుంది. అత్తయ్య సరిగ్గా దాని కిందే సీటు పట్టుకున్నారు, పాట అయ్యేదాకా చెవుల్లో వేళ్లు.

కాబట్టి చక్రం కోసమైతే నాచెజ్ బోటు టికెట్ కొనుక్కోండి, మిగతా డబ్బుతో ఊళ్లో ఉండండి. 1.25 డాలర్లకు సెయింట్ చార్లెస్ ట్రామ్ ఎక్కితే చివరిదాకా తిప్పుతుంది. చికోరీ కాఫీ కూడా దొరుకుతుంది, మనవాళ్లకు కొత్తేమీ కాదు. పెద్దవాళ్లను నడిపించకుండా, సూట్‌కేసు విప్పిన చోటే ఉంచి ఊళ్లు చూపించాలంటే మాత్రం క్రూజ్ మంచిదే, అత్తయ్య ఇప్పటికీ బాగుందనే అంటున్నారు. అప్పుడు ముందు వైపు గది తీసుకోండి. వెజిటేరియన్ అని రాసి ఊరుకోకుండా, ఎక్కగానే వంటగది వాళ్లతోనే మాట్లాడండి.

దిగాక మావారు రెండు పేజీల ఫిర్యాదు పంపారు. 600 వెనక్కివ్వలేదు, వచ్చే క్రూజ్‌లో 200 తగ్గిస్తామని కూపన్ పంపారు, ఏడాదిలోపు వాడాలట. మా ఆడపడుచు అడిగితే ఇచ్చేశాం. "వెనక గది తీసుకుంటే ఫోన్ చేయొద్దు" అని వాళ్ల అన్నయ్య దాని మీదే రాసిచ్చారు.