గోల్కొండకు కిరాయి కట్టిన కోట

మామయ్య ఎప్పుడూ చెన్నై అనడు, మద్రాసే అంటాడు. "ఆ చెన్న కూడా మన చెన్నప్పదే మామయ్యా" అంటే, నాంపల్లిలో రైలెక్కిన కాడి నుంచి ఎగ్మోర్‌లో దిగేదాకా నమ్మలేదు.

1639లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి సముద్రపొడ్డున ఆ ఇసుక నేల ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. కొన్నేళ్లకు ఆ సీమ గోల్కొండ సుల్తాన్ చేతికొచ్చింది. 1672లో కంపెనీ ఆయనకు ఏడాదికి 1200 వరహాల కిరాయి కట్టేలా ఖరారైంది. ఇది చెప్పాక మామయ్య హుషారే వేరు. ఆ నేల మీదే కంపెనీ కట్టుకున్న సెయింట్ జార్జ్ కోటలో, మ్యూజియం టికెట్ దగ్గర, "మనకు కిరాయి కట్టినోళ్లు, మనకాడ్నే పైసలు వసూలు చేస్తుండ్రు అల్లుడూ!"

కోటలో సచివాలయం, అసెంబ్లీ ఉన్నాయి కాబట్టి తనిఖీ గట్టిగానే ఉంటుంది. ఆధార్ జేబులో పెట్టుకోండి, శుక్రవారం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు. లోపల కారన్‌వాలిస్ విగ్రహం ముందు చాలామంది సెల్ఫీ దిగి కదిలిపోతున్నారు. పీఠం మీద చెక్కిన బొమ్మ చూడండి: 1792లో టిప్పు కొడుకులిద్దరినీ బందీలుగా అప్పగిస్తున్న దృశ్యం. నేనక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

సెయింట్ మేరీస్ చర్చి (1680) చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. క్లైవ్ పెళ్లి 1753లో ఇక్కడే. ఎలిహు యేల్ పెళ్లీ ఇక్కడే. ఆయన పేరుతో అమెరికాలో విశ్వవిద్యాలయం ఉంది. ఆయన కంపెనీ పెద్దల్లో ఒకడిగా ఉన్న కాలంలోనే ఈ రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు.

నాకు కోటకన్నా హైకోర్టు దగ్గరే మనసు పట్టేసింది. ఒకప్పుడు స్థానికులుండే పాత పేట ఉండింది అక్కడే. 1746లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకున్నాక కొన్ని ఇళ్లు కూల్చారు, తిరిగొచ్చిన ఇంగ్లీషువాళ్లు ఫిరంగులకు అడ్డం ఉండకూడదని మిగతావీ నేలమట్టం చేశారు. ఆ పేటలోని నేసేవాళ్లు, బట్టలకు రంగులద్దేవాళ్లు, దుబాసీలు (మాట మార్చి చెప్పే మధ్యవర్తులు) లేకుండా ఆ రేవు ఒక్క రోజు నడిచేది కాదు.

బసకొస్తే, ప్యారీస్ కార్నర్ దగ్గర లాడ్జి ఎంచుకుని దెబ్బతిన్నాం. 'సముద్రానికి దగ్గర' అన్నారు, కిటికీ తీస్తే పక్కింటి గోడ. వేడినీళ్లు బకెట్‌కి అడుక్కోవాలి. రెండో రాత్రి ఎగ్మోర్‌కి మారాం, అదే డబ్బుకి శుభ్రమైన గది. సౌకార్‌పేట మురుకు సాండ్‌విచ్ మాత్రం వదలొద్దు. ఇరానీ చాయ్ కోసం వెతక్కండి, ఫిల్టర్ కాఫీ ఉంది కదా.

తిరిగొచ్చి నాంపల్లి నుంచి మలక్‌పేటకు ఆటోలో వస్తుంటే కోఠిలో, నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ బంగ్లా కనబడింది. మామయ్య తల బయటపెట్టి చూశాడు.

"గాడ కిరాయి కట్టిండ్రు. మరి గీడ?"

"గీడ కట్టుడు లేదు మామయ్యా. ఆ బంగ్లాకు పైసలు కూడా మన నిజామే ఇచ్చిండు."

చాదర్‌ఘాట్ వంతెన దాటేదాకా మామయ్య మాట్లాడలేదు.